శుశ్రూష చేయువారికి సెలవు



కడచిన సంచికలో మంచము పట్టిన వృద్ధులకు పెట్టవలసిన ఆహారమును గూర్చి ఈ పుటలలో వ్రాసితిమి. దానిని చదివి నలుగురైదుగురు సోదరీమణులు మాకు జాబులు వ్రాసిరి. జావ ఎంత పలుచగా నుండవలయును, పప్పుకట్టులో ఉప్పెంత వేయవచ్చును అను ప్రశ్నలు మేము ఎదురుచూచినవే. ఒక జాబు మాత్రము వేఱుగా నుండెను. వ్రాసిన యామె తన పేరు తెలుపలేదు. "ముసలివారికి ఏమి పెట్టవలెనో మీరు వ్రాసినారు. పెట్టుచున్న మాకు సెలవు ఎప్పుడు దొరకునో కూడ వ్రాయరాదా?" అని రెండే వాక్యములు. ఈ మాసమునకు వేఱొక విషయమును సిద్ధపఱచుకొనియుంటిమి. దానిని ప్రక్కన బెట్టి ఈ రెండు వాక్యములకు బదులు వ్రాయుచున్నాము.

ఇంటిలో ఒకరు మంచము పట్టినప్పుడు చూడవచ్చినవారందఱును రోగిని పలుకరింతురు. బత్తాయిపండ్లు తెత్తురు, ఆకలి యగుచున్నదా, నిద్ర పట్టుచున్నదా యని యడుగుదురు, తమ మేనత్తకును ఇట్లే యయ్యెనని చెప్పి పోవుదురు. తలాపున చెంబు పట్టుకొని నిలిచిన మనిషిని "నీకు నిద్ర పట్టుచున్నదా" యని యడుగువారు అరుదు. ఆ మనిషి తఱచుగా ఆ యింటి కోడలు, లేదా పెండ్లి కాని కూతురు, లేదా భార్య. కేంద్ర ప్రభుత్వమువారు 2024లో జరిపిన కాలవినియోగ సర్వేలో 15 మొదలు 59 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 41 మంది ఇంటివారి ఆలనపాలనలు చూచుచున్నారనియు, వారికి దినమునకు 140 నిమిషములు అందులకే పోవుచున్నవనియు తేలినది. పురుషులలో నూటికి 21 మంది, 74 నిమిషములు. ఈ లెక్కలో పసిపిల్లల పోషణయు కలిసియున్నది. 140 నిమిషములనగా రెండు గంటల ఇరువది నిమిషములు. పక్షవాతముతో పడిన మనిషిని చూచుకొను ఇల్లాలు ఈ యంకెను విని నవ్వును. సగటు లెక్కలో తేలిక పని గలవారును బరువు పని గలవారును కలిసిపోవుదురు.

ఆ బరువెట్టిదో తెలియనివారి కొఱకు కొంచెము చెప్పెదము. ఒక ప్రక్క పడిపోయిన మనిషిని రెండు గంటల కొకసారి ఒత్తిగిలింపవలయును. లేనియెడల నడుము క్రింద, తుంటియొద్ద, మడమలయొద్ద చర్మము కందును; కందినచోట పుండు పడును; అది లోలోపలికి ఎముక దాక పోవచ్చును. గాలిపరుపు వేసినను ఒత్తిగిలింపుట పూర్తిగా మానరాదు. రెండు గంటల కొకసారి యనగా పగలు మాత్రమే కాదు. రాత్రి పదింటికి, పండ్రెండింటికి, రెంటికి, నాలుగింటికి లేచి, తనకంటె బరువైన దేహమును నిద్రమత్తుతో త్రిప్పి, కాళ్ల నడుమ దిండు సరిచేసి, బట్ట తడిసినదేమో చూచి, మఱల పండుకొనవలయును. తెల్లవాఱిన పిమ్మట ఇంటిపని యంతయు యథాప్రకారముగా నుండును. దీనిని నాలుగు దినములు చేయుట కష్టము. నాలుగేండ్లు చేయుచున్నవారిని మేము ఈ మెదకు పట్టణములోనే ఎఱుగుదుము.

నిద్రలేమి చేత నడుమునొప్పి, తలనొప్పి, రక్తపుపోటు వచ్చుట ఒక మాట. ఇంకొకటి కలదు. దానిని స్త్రీలు ఒకరితో నొకరు గూడ చెప్పుకొనరు. ఎంత మంచి మనిషియైనను, మూడేండ్లు తెంపు లేకుండ చేసినపిదప, ఒక అర్ధరాత్రి రోగిపై విసుగుకొనును. చేయి కొంచెము మొరటుగా పడును. గ్లాసు కొంచెము గట్టిగా పెట్టును. పెట్టిన మఱుక్షణమే ఏడ్చును. ఇది దుష్టురాలి లక్షణము కాదు. అలసిన చేతి లక్షణము. పల్లకి మోయు బోయీలు కొంత దూరమునకు భుజము మార్చుకొనెడివారు. బరువు వారికి రోతయై మార్చుకొనలేదు. పల్లకిలోనివారు క్రింద పడకుండుటకే మార్చుకొనిరి. శుశ్రూష చేయువారి సెలవును గూర్చి మేము చెప్పదలచినది ఈ ఒక్క మాటయే: అది సేవ చేయు స్త్రీకి చేయు దయ గాదు, రోగి వైద్యములో నొక భాగము. కావున మందు వేళకు తెచ్చినట్లే దానిని ముందుగా ఏర్పాటు చేయవలయును.

ఇది క్రొత్త వాదమని యెవరైన అనుకొనిన, చరకసంహిత సూత్రస్థానములో తొమ్మిదవ అధ్యాయమును చూడవచ్చును. చికిత్సకు నాలుగు పాదములని అందు చెప్పబడినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచర్య చేయు వారికి నేర్పు, చుఱుకుదనము, రోగిపై అనురాగము, శుచి అను నాలుగు గుణములు ఉండవలెనని యున్నది. రెండు రాత్రులు నిద్ర లేనిచో ఈ నాలుగింటిలో నేది నిలుచును? చుఱుకుదనము మొదటి రాత్రియే పోవును. అనురాగము తుదకు పోవును, కాని అదియు పోవును.

మన పెద్దలు తల్లిదండ్రుల సేవకు రెండు కథలు చెప్పుదురు. మొదటిది శ్రవణకుమారునిది. అయోధ్యాకాండములో దశరథుడు కౌసల్యకు చెప్పిన కథ. వాల్మీకి ఆ బాలునకు పేరు పెట్టలేదు, లోకము శ్రవణుడని పిలుచుచున్నది. ఆ కథ విని మనము కన్నీరు పెట్టుకొందుము గాని ఒక సంగతిని గమనింపము. అంధులైన ఆ వృద్ధులకు కొడుకొక్కడే దిక్కు. చీకటివేళ నీటికి పోయినవాడు తిరిగి రాకపోవుటతో, నీరిచ్చు రెండవ చేయి లేక, వారును కొడుకు వెంటనే చితి చేరిరి. రెండవది భారతములో అరణ్యపర్వమునందలి ధర్మవ్యాధుని కథ. అతడు మిథిలలో మాంసపు టంగడి నడుపుకొనుచు తల్లిదండ్రులను దైవములుగా కొలిచినవాడు. కౌశికుడు వచ్చునప్పటి కతడు అంగడిలో నున్నాడు, మంచము ప్రక్కన లేడు. బ్రాహ్మణుని ఇంటికి తీసికొనిపోయి, తీరికగా అతనితో ధర్మము మాటలాడి, పిమ్మట తల్లిదండ్రులను చూపెను. అతనికి ఆ తీరిక ఎట్లు కలిగినది? భార్యాపుత్రులతో గూడ తాను ఈ సేవ చేయుచున్నానని అతడే చెప్పినాడు. ఇంటిలో చేతులు పెక్కు గలవు గనుక అతని సేవ చెడలేదు, బ్రతుకును చెడలేదు. మన ఇండ్లలో శ్రవణుని కథ చెప్పి కోడండ్ర చేత చాకిరి చేయింతురు. ధర్మవ్యాధుని కథ ఎవరును చెప్పరు.

పూర్వము ఈ సెలవు మన ఆచారములోనే కొంత ఉండెను. ఆషాఢమని, కాన్పని, పండుగ యని కోడలు పుట్టింటికి పోవుచుండెను. ఆమె పోయినను ఇంటిలో తోడికోడండ్రు, అత్తలు, పినతల్లులు మిగులుచుండిరి. మన తెలంగాణములో బతుకమ్మ వచ్చినదనగా ఆడబిడ్డ తల్లిగారింటికి రావలసినదే. పెత్రమాసనాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ దాక తొమ్మిది దినములు. ఇందులో ఒక చక్కని మార్పిడి ఇమిడియున్నది. మంచములో నున్న తల్లిని చూచుటకు కూతురు వచ్చిన దినములలోనే కోడలు తన తల్లిని చూచుటకు పోవచ్చును గదా! జరుగునదేమి? ఆడబిడ్డలు పిల్లలతో దిగుదురు. కోడలికి రోగి పనికి తోడు సత్తుపిండి, పులిహోర, పదిమంది వంట అదనముగా చేరును. తల్లి ప్రక్కన గంటసేపు కూర్చుండి కన్నీరు తుడుచుకొని కూతుళ్లు బతుకమ్మ ఆడ పోవుదురు. మేము ఆడబిడ్డలను నిందించుట లేదు. మేమును ఒక ఇంటి ఆడబిడ్డలమే. ఎవరును అడుగకపోవుట చేతనే ఇట్లు జరుగుచున్నది. అడుగుటకు కోడలికి నోరు రాదు. అడుగవలసినవాడు ఆమె భర్త.

ఇక నిరుడు మా వీధిలో జరిగిన ఏర్పాటును కొంత విపులముగా చెప్పెదము.

ఆ యింట అత్తగారికి నాలుగేండ్ల క్రిందట కుడిప్రక్క పడిపోయినది. మాట ముద్దగా వచ్చును. కోడలికి నలువదియైదేండ్లు. భర్త బట్టల దుకాణములో గుమాస్తా. కొడుకు హైదరాబాదులో చదువుచున్నాడు. ఆడబిడ్డలు ఇద్దఱు, ఒకరు సిద్దిపేటలో, ఒకరు కామారెడ్డిలో. కోడలి పుట్టినిల్లు జోగిపేట. బస్సెక్కిన గంట, గంటన్నరలో చేరు ఊరు. ఈ నాలుగేండ్లలో ఆమె అచ్చట ఒక్క రాత్రియు నిద్రింపలేదు. అన్న కూతురి పెండ్లికి తలంబ్రాలు చూచి మధ్యాహ్నపు బస్సుకే తిరిగి వచ్చినది. అయిదు దినములు పోయి రమ్మని మేమనగా, "నేను పోతే అత్తమ్మ నోట్లె నీళ్లెవరు పోస్తరక్కా?" అన్నది. ఆ మాట నిజమే. ఆమె చేయు పనులు ఆమెకు తప్ప లోకములో నెవరికిని తెలియవు.

అందుచేత మొదటి పని ఆ పనులను కాగితముపై పెట్టుట. ఒక నోటుపుస్తకము కొని మేము ఆమె యొద్ద కూర్చుంటిమి. ఆమె చెప్పుచుండ వ్రాసితిమి. మూడు మధ్యాహ్నములు పట్టి పదునొకండు పుటలు నిండెను. చదివి వినిపింపగా ఆమె "ఇంత చేస్తున్ననా?" యని ఆశ్చర్యపడినది. అందులోని కొన్ని సంగతులు ఇచ్చట వ్రాసిన ఇతరులకు ఉపకరించును. ఏది పెట్టినను రోగిని నిటారుగా కూర్చుండబెట్టియే పెట్టవలయును. చెంచా ఎడమ దవడ వైపు, అనగా పడిపోని వైపు, ఉంచవలయును. ముద్ద మ్రింగినదని చూచుకొనక రెండవది పెట్టరాదు. తిన్న తరువాత అరగంట దాక పండుకొనబెట్టరాదు. పలుచని నీరు గటగట త్రాగించిన పొలమాఱును, ఊపిరితిత్తులలోనికి పోవును, కావున చెంచాతోనే. ఎఱ్ఱగా కందినచోట నూనెతో రుద్దరాదు. ఆ ప్రక్క ఒత్తిడి తీసివేయవలయును. లేవనెత్తునప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగరాదు, భుజము జాఱును. రక్తము పలుచబఱచు మాత్రను వైద్యుని మాట లేక ఒక్క దినమైనను మానరాదు. ఇవి ఏ నర్సునడిగినను చెప్పును. నర్సు చెప్పలేనివి కూడ పుస్తకములో గలవు: ఎడమచేత మంచపుకోడును రెండుమాఱులు తట్టిన మూత్రమునకని యర్థము, ప్రొద్దుగూకగనే దీపము వెలిగింపనిచో అలిగి అన్నము తినదు, తల దువ్వునప్పుడు నడినెత్తిన పాపట తీయవలయును, ప్రక్కపాపట తీసిన చెరుపుకొనును. కొత్త చేతులకు కష్టమైనవి ఇవియే. రోగి క్రొత్తవారి చేత తినననుటకు సగము కారణములు ఇట్టి చిన్న విషయములలో నుండును.

రెండవ పని అలవాటు చేయుట. సిద్దిపేట ఆడబిడ్డ అయిదు దినములుండుట కొప్పుకొనినది. ఆమె ఒక నెల ముందుగా రెండు దినములకు వచ్చినది. మొదటి దినము కోడలు చేయుచుండ ఆమె చూచినది. రెండవ దినము ఆమె చేయుచుండ కోడలు చూచినది. ఆ సాయంకాలము కోడలు ఒక గంట గుడికి పోయి వచ్చినది. పుస్తకము చేతికీయగా ఆడబిడ్డకు కోపము వచ్చెను. "మా అమ్మను చూసుకునుడు నాకు పుస్తకం చూసి నేర్సుకోవాల్నా?" అన్నది. కోపము సహజమే. తన తల్లి తనకంటె వదినెకు ఎక్కువగా తెలిసినదని ఒప్పుకొనుట ఏ కూతురికిని సులభము గాదు. ఇట్టి సమయమున వాదింపరాదు. పుస్తకమును మంచము ప్రక్క గూటిలో నుంచి ఊరకుంటిమి.

మూడవ పని పంచుకొనుట. అయిదు దినముల పని యంతయు ఒక్క ఆడబిడ్డ నెత్తిన పెట్టిన, మఱుసటి యేడు ఆమె రాదు. స్నానము, బట్టలు మార్చుట ఆడబిడ్డకు. రాత్రి పండ్రెండు, రెండు, నాలుగు గంటల ఒత్తిగిలింపులు కొడుకునకు. మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు వఱకు మా వీధివారము ఇద్దఱము వంతులవారీగ కూర్చుండి ఆడబిడ్డను నిద్రింపనిచ్చుట. తడిసిన బట్టలు ఉతుకుటకు కూలికొక ఆమె. కొడుకు మొదట "నాకు చెయ్యి ఆడది" అన్నాడు. అతని సంకోచములో కొంత న్యాయము గలదు. తల్లి సిగ్గుపడునని అతని భయము. కాని ఒత్తిగిలింపుటకు సిగ్గేమి, తినిపించుటకు సిగ్గేమి? ఆసుపత్రులలో పురుషులైన నర్సులు ఎందఱో యీ పని చేయుచున్నారు. అత్తగారికి ముందుగా చెప్పవలెనా వద్దా యని కూడ తర్జనభర్జన జరిగెను. చెప్పకుండ పోయిన ఆమె గొడవ చేయదని కొందఱనిరి. అట్లు చేయరాదని మేము గట్టిగా చెప్పితిమి. మాట ముద్దగా వచ్చునంతమాత్రమున మనసు ముద్ద కాలేదు. చెప్పకుండ మాయమైనచో, తిరిగి వచ్చిన పిదప కోడలు పెరటిలోనికి పోయినను ఆమె బెంగపడును. కోడలే దగ్గఱ కూర్చుండి, ఏ దినమున పోవునో, ఏ దినమున వచ్చునో చెప్పి, గోడనున్న పంచాంగపు కాగితముపై గుర్తు పెట్టి చూపినది. అత్తగారు ముఖము త్రిప్పుకొనినది. అదియు జవాబే.

ఆ అయిదు దినములు సుఖముగా గడచెనని చెప్పము. రెండవనాడు అత్తగారు కూతురి చేత అన్నము ముట్టలేదు. "కోడలేది" యని అడుగుచుండెను. ఆడబిడ్డ ఏడ్చినది. జోగిపేటకు ఫోను చేసి పిలిపింతుమా యని ఇంటిలో కలకలము. రాత్రి కొడుకు దుకాణమునుండి వచ్చి, దీపము వెలిగించి, జావ చెంచాతో పోయగా త్రాగినది. నాలుగవనాడు నడుము క్రింద అఱచేయంత మేర కందినది. దానిని చూచి పొరుగిండ్లవారు కొందఱు "మేము అనలేదా" యనిరి. గంట కొకసారి ప్రక్క మార్చి చూడగా మూడు దినములలో తగ్గినది. కోడలి చేతిలో నుండగా నాలుగేండ్లలో రెండుమాఱులు అట్లే కందినదని ఆ పొరుగువారికి తెలియదు. ఇల్లాలు చేసిన తప్పును ఇల్లే దాచును. మాఱుగా వచ్చినవారి తప్పును ఊరు చాటును. మాఱు మనుషులు దొరకకపోవుటకు ఇదియొక పెద్ద కారణమని మా అభిప్రాయము. నోటుపుస్తకము సంగతి: మూడవనాటికి ఆడబిడ్డయే దానిలో రెండు పంక్తులు వ్రాసినది. తల్లికి బెల్లము వేసిన రాగిజావకంటె మజ్జిగతో కలిపినది మంచిగా దిగుచున్నదట.

కోడలు జోగిపేటలో మొదటి రెండు దినములు నిద్రించినది. రాత్రి రెండింటికి, నాలుగింటికి తనంతట తాను లేచి కూర్చుండెనట. మూడవనాడు వదినెగారు ఆమెను వైద్యుని యొద్దకు తీసికొనిపోయిరి. రక్తపుపోటు 170 దాటి యున్నది. ఎన్నాళ్లనుండి యున్నదో ఎవరికి తెలియును? అత్తగారి మాత్రలకై నెలనెల మందుల దుకాణమునకు పోవుచున్న స్త్రీ, తన చేయి యొక్కమాఱైన చూపించుకొనలేదు. అత్తగారికి పక్షవాతము తెచ్చినది రక్తపుపోటే. ఆ అయిదు దినములు లేకున్న, ఆ యింట రెండవ మంచము పడియుండెడిదేమో!

"మాకు ఆడబిడ్డలు లేరు, ఉన్నను రారు" అనువారు పెక్కుమంది యుందురు. వారికి రెండు దారులు గలవు. డబ్బు గలవారు హైదరాబాదునుండి జీతమునకు ఆయాలను, నర్సులను పంపు సంస్థల ద్వారా మనిషిని పిలిపించుకొనవచ్చును. పిలిపించుకొనునప్పుడు గుర్తింపు కాగితములు చూడవలయును; ఆ మనిషి పనిచేసిన వెనుకటి ఇంటివారితో మాటలాడవలయును; నగలు, డబ్బు ముందే తీసి భద్రపఱచవలయును; రోగిని అప్పగించి వెంటనే పోక రెండు దినములు కలిసి యుండవలయును. ఆమెకును దినమునకు కొన్ని గంటల నిద్ర, వేళకు అన్నము ఉండవలెనని మఱువరాదు. ఇరువదినాలుగు గంటలు ఒకతె చేత చేయించిన, మనము దింపుకొన్న మోపును ఇంకొక పేద స్త్రీ తలపై పెట్టుటయే యగును.

రెండవ దారి డబ్బు లేనిది. నాట్ల కాలమున పల్లెలలో స్త్రీలు ఒకరి పొలమునకు ఒకరు బదులు పోవుదురు. నేడు నీ మడి, ఱేపు నా మడి. కూలి లేదు, లెక్క యున్నది. పట్టణములో మెప్మావారి పొదుపు సంఘములు వీధివీధిన గలవు. పది పండ్రెండుగురు స్త్రీలు ఎట్లును కలియుచున్నారు, ఒకరి ఇంటి సంగతి ఒకరికి తెలియును. అప్పుల లెక్క వ్రాయు ఆ పుస్తకములోనే ఒక పుట గంటలకు కేటాయింపరాదా? ఈ వారము మీ మామగారి యొద్ద నేను రెండు గంటలు. నాకు అవసరమైన నాడు మీరు. కేరళములో ఇట్టిది పెద్ద యెత్తున జరిగినది. కోజికోడులో 1993లో డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టరు సురేశ్ కుమార్ మొదలైనవారు నొప్పి తగ్గించు చికిత్సకై స్థాపించిన సంఘము నుండి, ఊరూర సామాన్యులే శిక్షణ పొంది మంచము పట్టినవారి ఇండ్లకు పోవు పద్ధతి పెరిగినది. ఆ రాష్ట్ర ప్రభుత్వము 2008లో దానికొక విధానమునే ప్రకటించినది. మంచము పట్టినవారిని చూచుకొనువారికి "ఆశ్వాసకిరణం" అను పేర నెలకు 600 రూపాయలు కూడ ఏర్పఱచినది. 600 రూపాయలకు ఏమి వచ్చునని అడుగవచ్చును. ఆ పని పనియే యని ఒక ప్రభుత్వము వ్రాతపూర్వకముగా ఒప్పుకొనుట వచ్చినది.

మన యొద్ద నేమి గలదు? తెలంగాణ ప్రభుత్వమువారు జిల్లా ఆసుపత్రులలో పాలియేటివ్ కేర్ విభాగములను నెలకొల్పుచు వచ్చిరి. "ఆలన" యను బండిలో నర్సులు ఇండ్లకు వచ్చి పుండ్లు కడుగుట, గొట్టములు మార్చుట, నొప్పికి మందిచ్చుట చేయుదురు. మీ వీధి ఆశా కార్యకర్తతో రోగి పేరు వ్రాయింపవలయును. 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య పథకము ప్రకారము జిల్లా ఆసుపత్రికి వృద్ధుల కొఱకు పది పడకలుండవలయును. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము ప్రతి జిల్లాకును కనీసము 150 మంది యుండదగిన వృద్ధాశ్రమము గూర్చి చెప్పుచున్నది. జబ్బు ముదిరినవారికి పడక, దిక్కులేనివారికి ఆశ్రమము. ఇంట ఆదరింపబడుచున్న రోగిని, కోడలి ఆరోగ్యము కొఱకు, అయిదు దినములు ఉంచుకొని మఱల ఇంటికి పంపు పడకను గూర్చి ఎవరును తలపెట్టలేదు. ఆ పది పడకలలో ఒకటి ఇందులకు వదలినను మా పట్టణములో ఏడాదికి ఎన్నో కుటుంబములకు ఊపిరి దొరకును. జిల్లా ఆసుపత్రి మీది అధికారులకు ఈ విన్నపమును స్త్రీలు పదిమంది కలిసి వ్రాసి ఇచ్చిన బాగుండును. ఇతర దేశములలో ఇది క్రొత్త గాదు. జపానులో 2000 నుండి నడచుచున్న సంరక్షణ బీమాలో వృద్ధులను కొలది దినములు ఉంచుకొను గృహములు భాగముగా నున్నవి. ఇంగ్లాండులో 2024 ఏప్రిల్ నుండి, ఇంట రోగిని చూచుకొను ఉద్యోగికి ఏడాదికి ఒక వారము, జీతము లేకున్నను, సెలవు చట్టప్రకారము ఈయవలయును.

బుద్ధిమాంద్యము గల పిల్లల తల్లులను గూర్చి ప్రత్యేకముగా వ్రాయవలయును. వారికిది నాలుగేండ్ల పని గాదు, జీవితమంతటి పని. 1999 చట్టము ద్వారా ఏర్పడిన నేషనల్ ట్రస్టువారు అట్టి పిల్లలను కొంతకాలము ఉంచుకొను గృహముల కొఱకు "సమర్థ్" అను పథకమును 2015లో తెచ్చిరి. జిల్లా సంక్షేమాధికారి కార్యాలయమునకు పోయి ఆ పేరు చెప్పి విచారింపుడు. సికింద్రాబాదు బోయినపల్లిలో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థలో తల్లులకు శిక్షణ గలదు. ఎక్కువ ఆసరా కావలసిన వికలాంగులకు సంరక్షకుని భత్యము గూర్చి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 24వ సెక్షను చెప్పుచున్నది. ప్రభుత్వము తన ఆర్థికశక్తికి లోబడి ఈయవలెనట. అడుగువారు లేనిచో ఆ శక్తి ఎన్నటికిని చాలదు.

రెండు నంబర్లు గోడపై వ్రాసి పెట్టుకొనుడు. వృద్ధుల విషయమున ఏ సాయమునకైనను 14567. మనసు నిలువక, ఏడుపు ఆగక, ఎవరితోనైన చెప్పుకొనవలెనని తోచినప్పుడు 14416. ఈ రెండవది 2022లో మొదలైనది, తెలుగులో మాటలాడవచ్చును, డబ్బు కట్టనక్కఱలేదు.

అయిదు దినములు ఈ యేడు కుదరనివారు వారమునకు ఒక పూటతో మొదలుపెట్టవచ్చును. ఆ పూటను ఇంటిపనికి, సంతకు వాడరాదు. సంతకు పోవుట సెలవు గాదు. బతుకమ్మకు ఇంకను దినములున్నవి. నోటుపుస్తకము వ్రాయుటకు మూడు మధ్యాహ్నములు చాలును. పేరు వ్రాయని ఆ సోదరీమణి ఏ యూరిలో నున్నదో మాకు తెలియదు. మెదకులోనే యున్నచో మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు వఱకు మేము వచ్చి కూర్చుండగలము. పత్రిక చిరునామాకు వ్రాసిన జాబు మాకు చేరును.